నూకయ్య కార్లు, కూర్మమ్మ చెంబు

ఎడ్లు లాక్కొస్తున్న కారుని చూడ్డానికి ఆవేళ సాలూరులో కమ్మర్ల వీధి వీధంతా బయటికొచ్చింది. పొయ్యి మీద అన్నం మాడిపోతోందన్న ధ్యాస కూడా ఆడవాళ్లకి లేకపోయింది. ముందు రెండు జతల ఎడ్లు, వాటి వెనక మోకులు, మోకుల వెనక కారు, ఆ కారులో చక్రం పట్టుకుని నూకయ్య. పాలకొండ పక్క పల్లెనుంచి రెండు పగళ్లు అలా నడిపించుకొచ్చేడు. తలనిండా దుమ్ము. అయినా పల్లకీలో పెళ్లికొడుకులాగ నిటారుగా కూర్చున్నాడు.

అది నల్లరంగు కారని ఎవరైనా చెప్తే తెలియాలి. టాపు చిరిగి పీలికలు వేలాడుతున్నాయి. వెనక సీటులో గడ్డి, గడ్డిలో ఓ కోడి, దాని కింద గుడ్లు. ఆ కోడి దారి పొడుగునా దిగలేదట.

నూకయ్య పెళ్లాం కూర్మమ్మ గుమ్మంలో నిలబడి నోరు నొక్కుకుంది.

"ఇదేటి మావా, ఎవరింటి పీనుగుని ఈడ్సుకొచ్చినావు?"

"పీనుగు కాదే, నిద్దరోతంది. లేపుతాను సూడు."

అవి యుద్ధం రోజులు. పెట్రోలు చీటీల మీద ఇచ్చేవారు. బస్సులకే వెనక బొగ్గు పొయ్యిలు తగిలించి, ఆ పొగతో నడిపించేవారు. ఇంక కార్లున్న పెద్దిళ్లవాళ్లు ఏం చేస్తారు? చక్రాలు ఊడదీసి, ఇటుకల మీద ఎత్తి, పశువుల సావిట్లో పెట్టేసేరు. గేదెలు వాటికి ఒళ్లు రుద్దుకునేవి. ఎవరైనా తీసుకుపోతే చాలు, సావిడి ఖాళీ అవుతుందని వాళ్ల ఆలోచన. అది నూకయ్య కనిపెట్టేడు. మొదటి కారుకి అతను డబ్బివ్వలేదు. ఆ ఇంటి నాగళ్లన్నిటికీ మూడేళ్లు కర్రులు సాగదీసి ఇస్తానని మాటిచ్చి తోలుకొచ్చేడు.

అతనికి అక్షరం రాదు. తాత కమ్మరి, తండ్రి కమ్మరి. ఏడో ఏట సమ్మెట పట్టేడు. జయపురం వెళ్లే లారీలు సుంకి ఘాటీ కొండదారి ఎక్కలేక కమాను పట్టీలు విరగ్గొట్టుకుని వస్తే, అవి అతికించి ఇచ్చేవాడు. అలా లారీల కింద దూరి దూరి, డ్రైవర్లు ఒకటి చెప్తే తను పది చూసి, ఇంజను పని నేర్చుకున్నాడు. పేర్లు మాత్రం తనవే. పెట్రోలు, గాలి కలిసే డబ్బాని తిత్తి అనేవాడు. నిప్పు మండే గదులు నాలుగుంటే నాలుగు పొయ్యిలనేవాడు.

కారు మొత్తం విప్పి, పాత పంచె మీద ఒక్కొక్క ముక్కా పరిచేడు. పంచె చాలక కూర్మమ్మ చీర అడిగేడు. చీర కూడా నిండిపోయింది. ఇన్ని ముక్కల్లో ఏది ఎక్కడిదో ఈ మనిషికి ఎలా గుర్తుంటుందని కూర్మమ్మ బెంగ పెట్టుకుంది. కోడి తొక్కుతుందని కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. వాళ్ల ఆరేళ్ల కూతురు నరసమ్మ ఓ నట్టు ఎత్తుకుపోయి బొమ్మకి కిరీటం పెడితే, నూకయ్య మూడు రోజుల తరవాత కూడా ఆ ఖాళీ చూసి, "ఇక్కడ ఒకటుండాలి. ఏదే అమ్మా?" అన్నాడు.

పదకొండో రోజు పొద్దున్న ముందునుంచి హేండిలు పెట్టి తిప్పేడు. ఒకసారి, పదిసార్లు. కారు దగ్గింది. వెనక గొట్టంలోంచి గడ్డి, ఎలక గూడు, ఎన్నేళ్లదో మసి, అంతా ఒక్కసారి బయటికి ఎగిరింది. తరవాత ఆగకుండా కొట్టుకోవడం మొదలెట్టింది, మనిషి గుండెలాగే. వీధిలో అందరూ వెనక్కి జరిగేరు. కూర్మమ్మ మాత్రం ముందుకెళ్లి రేకు మీద చెయ్యి పెట్టింది.

"ఎచ్చగా ఉన్నాది మావా."

"మరి? పేణం ఉంటే ఎచ్చగానే ఉంటాది."

ఆమె తనకి తెలీకుండానే దణ్ణం పెట్టింది. కారుకో, మొగుడికో ఆమెకే తెలీదు.

ఆ కారు బాగుచేసి అమ్మేడు. వచ్చినదానితో ఇంకోటి తెచ్చేడు. అది అమ్మి మరోటి. అలా నాలుగు లేచి వెళ్లేయి. ఐదోది ముంగిట్లో ఉండగా, వానాకాలంలో నరసమ్మకి మన్యం జ్వరం తగిలింది. మూడోరోజు పిల్ల కళ్లు తేలేస్తే, తల్లి ఒళ్లో పడుకోబెట్టి, ఆ కారులోనే విజయనగరం ఆస్పత్రికి బయల్దేరేడు. అంత వానలో, అంత బురదలో కారు ఎక్కడా ఆగలేదు. గజపతినగరం దాటకముందే పిల్ల ఊపిరే ఆగిపోయింది.

తిరిగొచ్చేక కూర్మమ్మ ఒక్క మాటే అంది. "నీ సేత్తో ఇన్ని లెగిసినాయి కద మావా." అంతే. మరి చాలారోజులు మాటాడలేదు. పొయ్యి వెలిగించలేదు. తలుపు వెనక కూర్చుంటే కూర్చున్నట్టే ఉండిపోయేది. నూకయ్య కూడా కారు ముట్టలేదు కొన్నాళ్లు. కానీ తిండి ఉండాలి కదా. ఆమెని ఒంటరిగా ఇంట్లో వదిలితే ఏమవుతుందోనని భయం. ఓ రోజు, బాగుచేసిన కారుని ఘాటీ ఎక్కించి చూడాల్సి వస్తే, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వెనక సీటులో కూర్చోబెట్టేడు. ఆమె ఒళ్లో నిండుగా నీళ్లు పోసిన ఇత్తడి చెంబు పెట్టేడు.

"ఒలకనీకు. పైకెల్తే బండికి దాహమేస్తాది."

కూర్మమ్మకి రోడ్డు చూడాలని లేదు. పిల్ల పోయిన ఆ సీటుని తడమాలని లేదు. అందుకని చెంబులోకే చూసింది. కారు కొండెక్కింది. సాలూరు కిందకెళ్లిపోయింది, వేగావతి ఏరు తెల్లదారం అయిపోయింది, మబ్బులు రోడ్డు మీద నడిచేయి. అవేవీ ఆమె చూడలేదు. చెంబులో నీళ్లు అంచునుంచి మధ్యకి సన్నగా వణుకుతున్నాయి. వలయం వెనక వలయం. మలుపొస్తే ఒక పక్కకి ఒరుగుతున్నాయి, మళ్లీ సర్దుకుంటున్నాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. పిల్ల పోయేక మొదటిసారి ఆమె మనసు ఓ చోట నిలబడింది.

అప్పట్నుంచి ప్రతి కారులోనూ చెంబుతో వెళ్లేది. నీళ్ల వణుకు ఒక్కో కారుకి ఒక్కోలా ఉండేది. ఇంజనులో ఒక పొయ్యి సరిగ్గా మండకపోతే వలయం మధ్యకి రాకుండానే తెగిపోయేది. చక్రం వంకరైతే నీళ్లు ఉయ్యాల ఊగేవి. ఓసారి దిగుతూ దిగుతూ, "మావా, ఎనక ఎడంపక్క సెక్రం ఏడుస్తంది," అంది. నూకయ్య నవ్వేడు. నవ్వి, చక్రం విప్పి చూస్తే బేరింగులో ఒక గుండు పగిలి ఉంది. ఆ గుండుని అరచేతిలో పెట్టుకుని ఆమెకేసి అలా చూస్తూ ఉండిపోయేడు.

తరవాత్తరవాత అది ఆచారమైపోయింది. నూకయ్య దగ్గర కారు కొనే ఎవరైనా సరే, రంగు ఎలా ఉంది, టైర్లు ఎలా ఉన్నాయి అని అడగడం మానేసి, "కూర్మమ్మ చెంబు ఎక్కిందా?" అని అడిగేవారు. ఆమె దిగి "బాగుంది" అంటే బేరం అయిపోయినట్టే.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, కార్తీకం. కోటబొమ్మాళి బియ్యం వర్తకుడు నగరేశ్వరరావు కారు కావాలని కబురుపెట్టేడు. ఆయన భార్య భాగ్యవతి పుట్టిల్లు జయపురం. ఆమె చెల్లెలి పెళ్లికి, సొంత కారులో ఘాటీ ఎక్కి వచ్చిన మొదటి అల్లుడు తనే కావాలని షావుకారు పట్టుదల. రైల్లో సాలూరు దాకా వస్తామని, కారెక్కి అట్నుంచి అటే కొండ మీదికి పోతామని ముహూర్తం కూడా పెట్టించుకున్నాడు.

నూకయ్యకి కూడా అది పెద్ద బేరమే. విశాఖపట్నంలో మిలట్రీవాళ్లు పాత లారీలు వేలం వేస్తున్నారు. ఈ కారు ఆ రోజు అమ్మితే, రెండు రోజుల్లో వేలానికి పోయి ఓ లారీ పాడుకోవచ్చు. ఒకళ్లకి అమ్మడానికి కాదు, తనదంటూ ఉండడానికి. నెల రోజులనించి లారీ పేరు తప్ప అతని నోట ఇంకో పేరు లేదు.

వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే మొగుడూ పెళ్లాం ఘాటీ ఎక్కేరు. మంచి అమెరికా కారు, ముదురాకుపచ్చ రంగు. చెంబులో నీళ్లు పట్టుబట్టలా మెత్తగా కదులుతున్నాయి. కూర్మమ్మకి కూడా ముచ్చటేసింది. నాలుగో మలుపు దగ్గర, ఎడమచేతి వైపు లోయ ఉండే చోట, కారు కుడికి తిరిగింది. అప్పుడు వలయాల మధ్యలో ఇంకో చిన్న వలయం పుట్టి, ఆరిపోయింది.

"ఆపు మావా."

నూకయ్య దిగి చూసేడు. చక్రాలు పట్టుకుని ఊపేడు. వెదురుముక్క ఒక కొస ఇంజనుకి, ఒక కొస చెవికి ఆనించి విన్నాడు. ఏమీ లేదు. మళ్లీ వెనక్కెళ్లి అదే మలుపు ఎక్కేరు. మళ్లీ అదే వలయం.

"ముందు ఎడం సెక్రం. ఇటేపు తిరిగినప్పుడే. తిన్నగా ఎల్తే లేదు."

"నీ సెయ్యి వొణికిందేమోనే."

"నా సెయ్యి వొణికితే నాకు తెలీదా?"

కిందికొచ్చేసరికి కొలిమి ముందు షావుకారు కుటుంబం దిగిపోయి ఉంది. ట్రంకు పెట్టెలు, పెళ్లికి మిఠాయి బుట్టలు, పట్టుపావడాల్లో ఇద్దరు ఆడపిల్లలు. నగరేశ్వరరావు జరీ కండువా సర్దుకుంటూ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేడు.

"నూకయ్యా, అదరగొట్టేవు! తాళం ఇలా ఇవ్వు. వర్జ్యం రాకుండా బయల్దేరాలి."

నూకయ్య కూర్మమ్మ వైపు చూసేడు. ఆమె చెంబు దించలేదు. తల అడ్డంగా ఊపింది.

"బాగునేదు బాబూ."

"ఏటి బాగోలేదు?"

"అదే తెలవట్లేదు బాబూ," అన్నాడు నూకయ్య. "నా కంటికి కనపళ్లేదు. నా సెవికి ఇనపళ్లేదు."

"మరింకేటి?"

"దీనికి కనపడినాది."

షావుకారుకి కోపం, నవ్వు రెండూ వచ్చేయి. "ఇంతకీ ఇక్కడ మెకానిక్కువి నువ్వా, ఆ చెంబా? అదే అయితే దానితోనే బేరం ఆడతాను."

"అదేటండీ అలాగంటారు?" అంది భాగ్యవతి. "ఆ చెంబు ఎక్కిన కారే కొంటున్నానని కోటబొమ్మాళి అంతా టముకు వేసింది మీరే కదా!"

నూకయ్య అప్పటికే కారు కిందికి దూరేడు. ముందు ఎడమ చక్రం ఊడదీసేడు. చక్రాన్ని మోసే ఇరుసు కొమ్ము బయటపడింది. దానికి కిరసనాయిలు బాగా పట్టించి, కొంతసేపు ఉంచి, గుడ్డతో పొడిగా తుడిచేసేడు.

"ఒసే, నీ తమలపాకుల పెట్టెలో సున్నం అట్టుకురా."

ఈ సమయంలో ఆకు వేసుకోవాలనిపించిందా మనిషికి అనుకుంటూనే తెచ్చిచ్చింది. అతను ఆ సున్నాన్ని ఇరుసు కొమ్ముకి పల్చగా పూసేడు. ఎండకి అది తెల్లగా ఆరింది. రైలు బండ్ల పని చేసే ఓ ముసలి కమ్మరి చెప్పిన ఉపాయం అది. చిన్న సుత్తి తీసుకుని ఒక్కటే ఒక్క దెబ్బ, నెమ్మదిగా వేసేడు.

అందరూ వంగి చూస్తున్నారు. పిల్లలు కూడా. తెల్లటి సున్నం మీద, ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ గీయకుండా, వెంట్రుకంత నల్లటి గీత మెల్లగా పైకి తేలింది. ఒక పక్కనుంచి మొదలై, ఇరుసుని సగం చుట్టి ఆగింది. లోపల దాక్కున్న కిరసనాయిలు పగులులోంచి బయటికొచ్చి తన దారి తనే చూపించింది. షావుకారు కండువా సర్దుకోవడం ఆపేసేడు. కూర్మమ్మ ఒకసారి గీతకేసి, ఒకసారి చెంబుకేసి చూసింది. అంతటి గట్టి ఇనుములో ఉన్న పగులు గుప్పెడు నీళ్లలో కనపడ్డం ఏమిటి? దాన్ని తను చూడ్డం ఏమిటి?

నూకయ్య మాత్రం గీత కేసి కాదు, తన కుడిచెయ్యి కేసి చూసుకుంటున్నాడు.

కూర్మమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. కారు వచ్చినప్పుడు ఆ ఇరుసు కొమ్ము కొంచెం వంగి ఉంది. తనే కొలిమి తిత్తి ఊదింది. అతను ఎర్రగా కాల్చి, సమ్మెటతో సరిచేసి, పట్టకారుతో ఎత్తి, పక్కనున్న నీళ్ల తొట్టిలో ముంచేడు. సుయ్‌మంది. ఆ చప్పుడు ఆమె రోజూ వినేదే. నాగలి కర్రుని కాల్చేక ముంచకపోతే పదునుండదు. ఏడో ఏటనించి ఆ చెయ్యి నిప్పులోంచి తీసిన ప్రతిదాన్నీ అలాగే ముంచింది. కానీ కారు ఉక్కు కర్రు కాదు. అలా ముంచితే గాజులా పెళుసెక్కిపోతుంది. దాన్ని బూడిదలో కప్పి, రోజంతా నెమ్మదిగా ఆరనివ్వాలి. ఆ సంగతి నూకయ్యకి తెలుసు. చేతికే తెలీదు.

ఎవరికీ చెప్పక్కర్లేదు. పాత కారు, ముందునుంచీ ఉన్న పగులే అనొచ్చు. షావుకారు నోటంట కూడా అదే వచ్చింది. "పాత ఇనుము కదా, ఎప్పటిదో అయ్యుంటుంది. మలుపుల్లో నెమ్మదిగా పోతే ఈ ఒక్కసారికీ ఆగదా?"

నూకయ్య లేచి నిలబడ్డాడు.

"పాతది కాదు బాబూ, నేను సేసిందే. కర్రుని ముంచినట్టు ముంచేసినాను. కారు తప్పేటీ లేదు. తప్పు నాదే."

తలుపు వెనక కూర్చున్న రోజుల్లో, ఈ మనిషి చేతులు తన పిల్లని లేపలేకపోయేయని కూర్మమ్మ లోపల్లోపల ఎంత తిట్టుకుందో. పీనుగుల్లాంటి కార్లు లేవడం చూసి అబ్బురపడ్డ రోజులూ ఉన్నాయి. కానీ లారీ మీద అంత ఆశ పెట్టుకున్నవాడు, అంతమంది ముందు, అడక్కుండానే తన చెయ్యి చాపి ఇదిగో ఇదే చేసిందని చెప్పడం చూసేసరికి ఆమె అతని ముఖంలోకే చూసింది. ఇరవయ్యేళ్లు కాపురం చేసిన మనిషిని అప్పుడే చూస్తున్నట్టుంది.

నూకయ్య ఆ ఇరుసు కొమ్ము ఊడదీసి దాగలి దిమ్మ మీద పెట్టేడు. సమ్మెట ఒక్కసారి ఎత్తి దించేడు. చెరుకుగడలా రెండు ముక్కలైంది. లోపల ముందే పగిలిన సగం మసకగా ఉంది, అప్పుడు విరిగిన సగం కొత్త వెండిలా మెరిసింది.

నగరేశ్వరరావు ఆడపిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఏ మలుపు దగ్గర అన్నావు?"

"నాలుగో మలుపు బాబూ. లోయ పక్క."

షావుకారు కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. "అంతా బాగానే ఉంది కానీ, ఇప్పుడు పెళ్లికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?"

"ముఖం మిగిలింది కదా, దాన్నే పెట్టుకుని రండి," అంది భాగ్యవతి. ట్రంకు పెట్టె ఎత్తమని కూలివాడిని పిలిచింది.

మొదటి అల్లుడు బొగ్గు బస్సులో వెళ్లేడు. జరీ కండువా జయపురం చేరేసరికి నల్లదైపోయిందని, పెళ్లివారు కాళ్లకే కాదు ముఖానికి కూడా నీళ్లిచ్చేరని తరవాత భాగ్యవతే చెప్పింది. ఇటు నూకయ్య వేలానికి వెళ్లలేదు. వేలం జరిగిన రోజు అతను విజయనగరం పాత ఇనుము కొట్లలో, ఆ కారుకి సరిపోయే ఇరుసు కొమ్ము వెతుక్కుంటున్నాడు. దొరికింది. నిప్పు చూపించకుండా, ఉన్నదున్నట్టు బిగించేడు. విరిగిన ముక్కల్లో ఒకటి తాడు కట్టి నీళ్ల తొట్టికి పైన వేలాడదీసేడు. ఏదైనా ముంచబోతే ముందు చెయ్యి దానికి తగలాలి. అతను బతికున్నన్నాళ్లూ అది అక్కడే వేలాడింది. లారీ కొన్నాడు, కానీ అది చాలా ఏళ్ల తరవాతి మాట.

పెళ్లి అయ్యేక షావుకారు కుటుంబం బస్సులోనే దిగి వచ్చింది. కారు తీసుకోడానికి ఆయన ఒకటే షరతు పెట్టేడు. కోటబొమ్మాళి దాకా నూకయ్యే నడపాలి, కూర్మమ్మ చెంబుతో రావాలి.

వెనక సీటులో భాగ్యవతి, ఇద్దరు పిల్లలు, ఒక చివర కూర్మమ్మ. రామభద్రపురం దాటేక చిన్నపిల్ల కూర్మమ్మ భుజానికి చేరబడి నిద్రపోయింది. చెంబులో నీళ్లు మెత్తగా, వలయం వెనక వలయం, ఎక్కడా తెగకుండా కదులుతున్నాయి. గజపతినగరం దగ్గర పడింది. నరసమ్మ పోయిన ఆ చోటు వస్తే నూకయ్య ఎప్పుడూ కారు నెమ్మది చేసేవాడు. కూర్మమ్మ ఎప్పుడూ తల ఇంకా కిందికి వంచేది.

అప్పుడే చిన్నపిల్ల కళ్లు తెరిచింది.

"అత్తా, దాహం."

కూర్మమ్మ ఒక్క క్షణం చెంబుకేసి చూసింది. ఆ నీళ్లు ఇంతవరకు కారు తాగిందే కానీ మనిషి తాగలేదు. చెంబు ఎత్తి పిల్ల నోటికి అందించింది. పిల్ల రెండు చేతులా పట్టుకుని గటగటా తాగింది. గడ్డం మీదనుంచి పావడా మీదికి కారింది. అక్కకి కూడా కావాలంది. అక్క కూడా తాగింది. చెంబు ఖాళీ అయిపోయింది.

ముందునుంచి నూకయ్య అడిగేడు. "ఏటే, ఎలాగుంది? ఆపమంటావా?"

కూర్మమ్మ ఖాళీ చెంబు ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తి, ఇన్నేళ్లకి మొదటిసారి కిటికీలోంచి ఆ చోటు చూసింది. రోడ్డు పక్కన వరిచేను పండి ఒరిగిపోయి ఉంది. ఎవరో కోత మొదలెట్టేరు. పిల్ల మళ్లీ ఆమె భుజం మీద నిద్రలోకి జారుకుంది. తడి పెదాల మీంచి ఊపిరి ఆమె మెడకి వెచ్చగా తగులుతోంది.

"బాగుంది మావా. పోనీ," అంది.